గార్డెన్ ఈల్ ఇసుకలోంచి బయటికి రావట్లేదా? లక్షణం, కారణం, పరిష్కారం

గార్డెన్ ఈల్ అంటే ఇసుకలో గుంత చేసుకుని, తల వైపు మాత్రం బయట పెట్టి బతికే పాములాంటి సన్నటి సముద్రపు చేప. ఇది జబ్బు చేసి పోయేది తక్కువ, భయపడి పస్తులుండి పోయేదే ఎక్కువ. బయటికి రాదు, రాదు కాబట్టి తినదు, చివరికి చిక్కి శల్యమవుతుంది. అందుకే మందు సీసా తీయకముందే ఇసుక, నీటి ప్రవాహం, తోటి చేపలు, ఈ మూడూ చూడండి. ఇక్కడ రాస్తున్నది ఇళ్ళల్లోని అక్వేరియంలలో ఎక్కువగా కనిపించే చుక్కల గార్డెన్ ఈల్, అంటే హెటెరోకాంగర్ హస్సి గురించి.

తెచ్చి వారం దాటినా తల బయట పెట్టదు

మొదటి రెండు మూడు రోజులు దాక్కుంటే కంగారు పడకండి. ఆ తర్వాత కూడా అంతే అయితే ముందుగా అనుమానించాల్సింది ఇసుక లోతును. ఎదిగిన ఈల్ దాదాపు 40 సెంటీమీటర్లుంటుంది. అపాయం అనిపించగానే ఆ పొడుగంతా లోపలికి లాక్కోగలిగితేనే దానికి ధైర్యం. మామూలు రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) పోసే 5 సెంటీమీటర్ల ఇసుక ఏ మూలకూ చాలదు. కనీసం 15 ఉండాలి, 20 నుంచి 25 ఉంటే నిశ్చింత.

అది ఇసుకలో దిగే తీరు ఒకసారి దగ్గరగా చూడండి. గట్టిగా, మొనదేలి ఉండే తోక చివరను ముందు గుచ్చుతుంది. ఒళ్ళంతా మెలికలు తిప్పుతూ వెనక్కి వెనక్కి జారుతుంది. చివరికి పెద్ద కళ్ళు మాత్రమే ఇసుక అంచున మిగులుతాయి. ఒంటి నుంచి వచ్చే జిగురు గుంత గోడలకు పట్టి ఇసుక కూలకుండా ఆపుతుంది. ముతక గవ్వపొడిలో, గులకలో ఆ గోడ నిలవదు. పంచదార పలుకంత సన్నటి అరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుకే వాడండి.

బరువు సంగతి మరవద్దు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న ట్యాంకులో 20 సెంటీమీటర్లు పోస్తే ఒక్క ఇసుకే 200 కిలోలు దాటుతుంది. స్టాండు, అపార్ట్‌మెంట్ స్లాబు అంత మోస్తాయో లేదో ముందే తేల్చుకోండి. అంత కుదరకపోతే ట్యాంకులో ఒక వైపు అక్రిలిక్ అడ్డం పెట్టి, ఆ భాగంలోనే లోతుగా ఇసుక నింపండి.

ఇసుక సరిపోయిందంటే తర్వాత మనుషుల అలికిడి చూడాలి. టోక్యోలోని సుమిదా అక్వేరియం 2020లో కోవిడ్ వల్ల మూతపడింది. రోజూ సందర్శకులను చూసి అలవాటుపడ్డ దాదాపు 300 గార్డెన్ ఈల్స్ కొన్ని వారాల్లోనే సిబ్బంది పక్కనుంచి నడిచినా దాక్కోవడం మొదలుపెట్టాయి. దాంతో మే నెల మొదట్లో ట్యాంకు ముందు స్క్రీన్లు పెట్టి, వీడియో కాల్‌లో మొహాలు చూపించమని జనాన్ని అడిగారు. అంటే మచ్చిక అవుతాయి, కానీ ఆ మచ్చిక రోజూ నిలబెట్టుకోవాలి. తలుపు పక్కనో, పిల్లలు పరిగెత్తే దారిలోనో ట్యాంకు పెట్టొద్దు. రోజూ ఒకే వేళకు ఎదురుగా కదలకుండా కాసేపు కూర్చోండి. ఒంటరి ఈల్‌కి బెదురెక్కువ. సముద్రంలో గుంపుగా బతికే జీవి కాబట్టి నాలుగైదింటికి తగ్గకుండా కలిపి పెంచాలి.

తోటి చేపల్లో ట్రిగ్గర్, పఫర్, హాక్‌ఫిష్, పెద్ద రాస్ ఉంటే ఈల్స్ ఆశ వదులుకోవాల్సిందే. ఇసుక జల్లెడ పట్టే గోబీలు కూడా వద్దు, గుంతలు కూల్చేస్తాయి. ఫైర్‌ఫిష్, కార్డినల్ లాంటి నెమ్మదైనవి నయం. విదేశీ గైడ్లలో సముద్రపు గుర్రాలనూ పైపు చేపలనూ జతగా చెబుతుంటారు. మన దేశంలో అవీ, రాతి పగడాలూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

తల పెడుతుంది గానీ పైకి లేవదు

ఇది చాలావరకు ప్రవాహం సమస్య. జపాన్‌లోని ఒకినావాలో పరిశోధకులు వీటినే ప్రయోగశాలలో పరీక్షించి 2022లో వెల్లడించిన దాని ప్రకారం, సెకనుకు 20 సెంటీమీటర్ల వేగం దాకా ఈల్స్ తింటాయి. 25కి చేరేసరికి గుంతల్లోకి పోయి తినడం మానేస్తాయి. మీ ట్యాంకులో ఎంతుందో తెలుసుకోవడం తేలికే. అద్దానికి స్కేలు అంటించి, ఇసుకకు కాస్త పైన చిటికెడు మేత వదిలి, అది కొట్టుకుపోవడాన్ని ఫోన్‌లో వీడియో తీయండి. వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) ఆగి ఆగి తోసే పల్స్ మోడ్‌లో ఉంటే ఆ మోడ్ తీసేయండి. ఒకే దిక్కు నుంచి నిలకడగా వచ్చే ప్రవాహమే వీటికి కావాలి.

బయటికొస్తుంది, కానీ చిక్కిపోతోంది

ఈల్ మేత వెతుక్కుంటూ పోదు, నీటిలో కొట్టుకొచ్చేదాన్నే అందుకుంటుంది. ఇసుక మీద పడ్డ మేతను చాలావరకు పట్టించుకోదు. కాబట్టి పంపు ముందు వదిలి, ప్రవాహంతో పాటు దాని మొహం ముందుకు వెళ్ళేలా చేయండి. కొత్తగా తెచ్చినవాటికి బతికున్న ఆర్టీమియా (రొయ్యలాంటి అతి చిన్న ఉప్పునీటి జీవి) పిల్లలే మొదటి మేత. ఈ విషయంలో మనం అదృష్టవంతులం, కోస్తా జిల్లాల రొయ్యల హేచరీలు వాడే ఆర్టీమియా గుడ్లే ఇక్కడా పనికొస్తాయి. పొదిగిన పిల్లలను వెంటనే పెట్టేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ వాటిలో బలం తగ్గిపోతుంది. తినడం మొదలయ్యాక ఫ్రోజెన్ కోపిపాడ్లు, సన్నగా తరిగిన మైసిస్ (రెండూ రొయ్యల్లాంటి చిన్న జలజీవులే) కొద్దికొద్దిగా కలపండి.

ఒకేసారి బోలెడు వేయడం దండగ. రోజుకు మూడు నాలుగు సార్లు, కుదిరితే ఇంకా ఎక్కువసార్లు, కొంచెం కొంచెం వేయాలి. ఇంత మేతకు నీళ్ళలో నైట్రేట్ అనే వ్యర్థం పెరుగుతుంది. స్కిమ్మర్ (నురగతో మలినాలు లాగేసే పరికరం) పెద్దదే పెట్టుకోండి, నీళ్ళ మార్పిడి వాయిదా వేయకండి.

ఇసుక మీద పడి ఉంటోంది, చోట్లు మారుస్తోంది

రెండు ఈల్స్ మరీ దగ్గరగా గుంతలు చేసుకుంటే బలమైనది రెండోదాన్ని తరుముతుంది. దీనికి ఇసుక వైశాల్యం పెంచడమే మార్గం. అన్నీ ఒకే వైపు నుంచి జరిగిపోతుంటే అక్కడి ఇసుకను అద్దం పక్కనుంచి చూడండి. నల్లటి మచ్చలుండి, కెలికితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. మొత్తం ఒకేసారి తవ్వొద్దు, ఆ విషం నీళ్ళంతా కలుస్తుంది. ఈల్స్‌ని వేరే ట్యాంకుకు మార్చి, ఆ భాగంలోని ఇసుకను సైఫన్ గొట్టంతో తీసేయండి. రాళ్ళను మాత్రం ఎప్పుడూ ట్యాంకు అడుగు మీదే నిలబెట్టాలి. ఇసుక మీద పెడితే ఈల్ కింద తవ్విన రోజు రాయి దాని మీదే కూలుతుంది.

లెక్కలో ఒకటి తగ్గింది

ముందు నేల మీద, తర్వాత ఓవర్‌ఫ్లోలో (నీళ్ళు బయటికి పొర్లే గదిలో), ఆ నీళ్ళు చేరే కింది సంప్ ట్యాంకులో వెతకండి. కొత్త ట్యాంకులో మొదటి రాత్రులే ప్రమాదం. వేలు పట్టేంత సందు చాలు, దూరిపోతుంది. మూత బిగువుగా ఉండాలి, వైర్లు వెళ్ళే రంధ్రాలకు కూడా సన్నటి జాలీ కట్టండి, పంపు నోళ్ళకు స్పాంజి తొడగండి.

ఒంటి మీద గీతలు, తెల్లటి పుళ్ళు

ముతక ఇసుకో, పట్టేటప్పుడు వల రాసుకోవడమో కారణం. వీటికి పొలుసుల రక్షణ లేదు, కాబట్టి కాపర్ మందుల జోలికి పోకండి. ఈల్‌ని వలతో కాక నీళ్ళతో సహా డబ్బాలో పట్టి మార్చండి. లోతైన సన్న ఇసుక, 1.025 సాంద్రత (నీటి ఉప్పదనానికి కొలమానం), 24 నుంచి 26 డిగ్రీల వేడి నిలకడగా ఉండి, కడుపునిండా తింటుంటే చిన్న గీతలు వాటంతటవే మానతాయి. మన ఎండాకాలంలో చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుండా ఆ వేడి నిలబడదు. కరెంటు పోతే కనీసం ఒక పంపైనా తిరిగేలా ఇన్వర్టర్‌కు కలిపి ఉంచండి.