కూలెంట్ తగ్గుతూ, హీటర్ చల్లగాలి కొడుతుంటే: పాత కారులో లోపం ఎలా పట్టుకోవాలి?

పాత కారులో హీటర్ పనిచేయకపోతే ముందు చూడాల్సింది రేడియేటర్‌ని. డ్యాష్‌బోర్డు వెనకాల చిన్న రేడియేటర్‌లా ఉండే హీటర్ కోర్‌లో తిరిగేది ఇంజన్‌ని చల్లబరుస్తూ కాగిన ద్రవమే, అంటే కూలెంటే. చాలా కార్లలో ఆ కోర్ కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి, కూలెంట్ తగ్గగానే గాలి అక్కడికే చేరుతుంది. టెంపరేచర్ ముల్లును నమ్ముకుని కూర్చోకండి. సెన్సర్ చుట్టూ కూలెంట్ లేకపోతే ఇంజన్ ఉడికిపోతున్నా ముల్లు కిందనే ఉండొచ్చు. మన ఎండలకు హీటర్ ఎందుకులే అని వదిలేస్తే వ్యవహారం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ, కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) దాకా పోతుంది.

ఇక్కడ చెప్పేది రేడియేటర్ మీదే మూత ఉండే మారుతి 800, జెన్, పాత శాంత్రో లాంటి పెట్రోలు కార్ల గురించి. టార్చి, అట్టముక్క, గుడ్డ, గరాటు, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చాలు.

కారితే మరక కనిపించేలా రాత్రి బండి కింద అట్ట పరిచి, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ గీత దాకా ఉందని సరిపెట్టుకోవద్దు. మూత లోపలి రబ్బరు ఎండిపోతే, ఇంజన్ చల్లారేటప్పుడు డబ్బాలోని కూలెంట్ వెనక్కి రాదు. డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంది. పొద్దున రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) నొక్కుకుపోయి చప్పిడిగా కనిపిస్తే మూత మార్చేయండి. దాని మీద రాసి ఉన్న ప్రెషర్ అంకె ఉన్నదే కొనాలి.

తర్వాత లీకు వెతకండి. హోస్ క్లిప్పులు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం: ఈ చోట్ల ఎండిన తెల్లటి, పచ్చటి మరకలుంటాయి. లోపల ముందు సీటు దగ్గర కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తే, అద్దానికి జిడ్డు పొగ పడుతుంటే హీటర్ కోరే కారుతోంది. లీకు ఆపే పొడులు, ద్రావణాలు మాత్రం పోయకండి. లీకుతో పాటు హీటర్ కోర్ సన్న గొట్టాల్నీ పూడ్చేస్తాయి.

రేడియేటర్ నిండుగానే ఉండి హీటర్ చల్లగా ఉంటే, ఇంజన్ వేడెక్కాక క్యాబిన్‌లోకి వెళ్లే రెండు సన్న హోస్‌లను గుడ్డతో తాకి చూడండి. రెండూ వేడిగా ఉంటే లోపం గాలిని మళ్లించే లోపలి ఫ్లాప్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే కోర్ పూడుకుపోయింది, లేదా హీటర్ వాల్వ్ తెరుచుకోవడం లేదు. రెండూ గోరువెచ్చగా ఉంటే థర్మోస్టాట్‌ని (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదలని వాల్వ్) అనుమానించాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్ పై హోస్ వెచ్చబడుతోందంటే అది తెరుచుకుని ఇరుక్కుపోయింది, లేదా ఎవరో పీకేశారు.

ఈ పీకేసే అలవాటు మానాలి. ఎండ ప్రాంతమని థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, హీటర్ చచ్చిపోతుంది. కొత్తది వేసి, గ్యాస్కెట్ కూడా మార్చండి.

ఇక ఎక్కువమంది చెడగొట్టే పని: గాలి తీయడం. మూత దాకా పోసి, మూసేసి, బండి ఇచ్చేస్తారు. రెండు రోజుల్లో మళ్లీ హీటర్ చల్లన. గాలి లోపలే ఉండిపోయింది మరి.

బండి ముందు భాగం ఎత్తులో ఉండేలా వాలు మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. ఇంజన్ చల్లగా ఉండాలి. హీటర్ మీటను పూర్తి వేడి వైపు తిప్పండి, లేకపోతే కొన్ని కార్లలో కోర్‌కి దారే మూసుకుని ఉంటుంది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి సన్నధారగా పోయండి. బోరు నీళ్లు వద్దు, లోపల ఉప్పు పేరుకుంటుంది. ఉన్న రంగు కూలెంట్‌లో వేరే రకం కలపడమూ వద్దు. పోస్తూ పై హోస్‌ను పిసకండి, బుడగలు గుడగుడమంటూ పైకొస్తాయి. మట్టం దిగితే మళ్లీ పోయండి.

మూత తీసే ఉంచి స్టార్ట్ చేయండి. ఐడిల్‌లోనే ఉంచాలి, యాక్సిలరేటర్ తొక్కొద్దు. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా పడుతుంది, నింపండి. బుడగలు ఆగగానే, ఫ్యాన్ తిరగకముందే మూత బిగించండి. ఆలస్యం చేస్తే కూలెంట్ పొంగి చేతిమీద పడుతుంది. బిగించాక మళ్లీ తెరవకండి. ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ నూరు డిగ్రీలు దాటినా మరగదు, మూత తిప్పిన క్షణంలో ఆవిరై మొహానికి కొడుతుంది. కాగిపోయిన ఇంజన్‌లో చన్నీళ్లు పోయడం ఇంకా ప్రమాదం, హెడ్ పగలొచ్చు.

ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి, ఆపేయండి. మర్నాడు చల్లారాక మూత తీసి, తగ్గినంత పోయండి. ఇలా రెండు మూడు రోజులు చేయాల్సి రావొచ్చు.

ఎంత తీసినా బుడగలు ఆగకపోతే, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే, లేదా ఇంజన్ ఆయిల్ పాలు కలిసినట్టు మారితే హెడ్ గ్యాస్కెట్ అనుమానించండి. రేడియేటర్ మూతి దగ్గర పెట్టే నీలి ద్రావణం పరీక్ష చేయించండి. పెట్రోలు ఇంజన్లో అది పసుపు రంగుకు మారితే మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తున్నట్టే. అప్పుడు హెడ్ విప్పేదాకా బండి నడపకండి.