పాత బజారుకు మళ్లీ కళ రావాలంటే ముందు గుండ్లు లెక్కపెట్టండి

మా అక్క కొడుక్కి చిత్తూరు బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. పోయిన నెల ఫోన్ చేసి, "మామా, మా వీధిని బాగు చేస్తామంటా ఉండారు. ఆర్చీ కడతారంట, రంగురంగుల టైల్స్ వేస్తారంట. మేమేం అడగాల్నో చెప్పు" అన్నాడు. నేను మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ట్రేసర్‌గా చేరి, బిల్డింగ్ ఓవర్సీర్‌గా రిటైరైనవాణ్ని. ఇప్పుడు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి నాలుగు అడుగుల దూరంలో మా పాతింట్లో ఉంటున్నా. ఫోన్లో వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఆర్చీ సంగతి పక్కన పెట్టి ముందు లెక్క చూడండి. ఏ కన్సల్టెంటూ రాకముందే అంగళ్లవాళ్లే చేసుకోవాల్సిన పని ఇది. ఒక నోటుపుస్తకం, ఇద్దరు మనుషులు చాలు. ఒక మామూలు బుధవారం, ఒక శనివారం ఎంచుకోండి. పొద్దున ఆరున్నరకు, పదకొండుకు, సాయంత్రం ఐదున్నరకు, రాత్రి ఎనిమిదిన్నరకు అరగంట చొప్పున ఒకే అరుగు మీద కూర్చోండి. ఎంతమంది నడిచిపోయారు, ఎంతమంది ఏదో ఒక అంగడి ముందు ఆగారు, ఎంతమంది చేతిలో సంచి ఉంది, అంతే రాసుకోండి. తిరుపతిలో నేను ఇంకో గడి గీస్తాను: గుండ్లు. గుండు కనిపిస్తే కొండ దిగొచ్చిన భక్తుడు. భక్తులందరూ గుండు చేయించుకోరు, నిజమే. అయినా ఈ వారానికీ వచ్చే వారానికీ పోల్చుకోవడానికి ఆ గుర్తు చాలు.

ఈ గుండ్ల లెక్క ఎందుకంటే, 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆపేశారు, మళ్లీ జూన్‌లో మొదలుపెట్టారు. లాక్‌డౌన్ సడలించి అంగళ్లు తెరిచాక కూడా, యాత్రికుల మీదే బతికే బొమ్మల అంగళ్లు, పటాల అంగళ్లు ఈగలు తోలుకున్నాయి. మా సందు మొదట్లో ఊరివాళ్లకు జాకెట్లు కుట్టే టైలరు మాత్రం మిషన్ ఆపలేదు. బయటివాళ్ల కోసమే బజారు కడితే బయటివాళ్లు రాని రోజు బజారు ఉండదు. మీ ఊళ్లో గుండ్లకు బదులు కోర్టు పనికి వచ్చేవాళ్లో, కాలేజీ పిల్లలో ఉంటారు. వాళ్లకూ ఒక గడి గీయండి.

లెక్క అవసరమని చెప్పడానికి మా శ్రీనివాస సేతు కూడా ఉంది. దాదాపు 7 కిలోమీటర్ల ఫ్లైఓవర్, టీటీడీ, స్మార్ట్ సిటీ కార్పొరేషన్ కలిసి డబ్బు పెట్టి కట్టాయి. 2023 సెప్టెంబరు 18న మొత్తం తెరిచారు. ఇప్పుడు తిరుచానూరు వైపు నుంచి వచ్చే బండి ఊళ్లో దిగకుండానే కపిలతీర్థం వైపు వెళ్లిపోతుంది. రామానుజ సర్కిల్‌లో, లీలామహల్ సర్కిల్‌లో ట్రాఫిక్ టెన్షన్ తగ్గింది, కాదనను. కానీ ఒకప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, దిగి టీ తాగి, పిల్లకు గాజులు కొనిచ్చిన మనిషి ఇప్పుడు మన తల మీదుగా పోతున్నాడు. మీ ఊరికి బైపాస్ వచ్చినా ఇదే జరుగుతుంది. అందుకే పైన పోయే రోడ్డుకు డబ్బు శాంక్షన్ అయిన రోజే, కింద వీధిలో నడిచేవాళ్లకు ఏం చేస్తారని అడగండి. బండ్లు తగ్గిన వీధిలో ఫుట్‌పాత్ వెడల్పు చేయడం తేలిక. ఏడాది ఆగితే ఆ జాగా పార్కింగ్‌గా మారిపోతుంది, తర్వాత ఎవరూ లేపలేరు.

మనుషుల తర్వాత తలుపులు లెక్కపెట్టండి. ఎన్ని షట్టర్లు ఏడాదిగా తెరవలేదు, ఎన్ని మేడలు ఖాళీ? పాత బజారులో ఖాళీ మేడకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. అన్నదమ్ములు పంచుకోలేదు, లేదా కింద అంగడివాడు ముప్పై ఏళ్ల కిందటి బాడుగే కడుతున్నాడు. ఇంత బాడుగకు రిపేరు ఎందుకని ఓనరు, నా సొంతం కానిదానికి డబ్బెందుకని బాడుగవాడు. మధ్యలో దూలం పుచ్చిపోతుంది. వీళ్లిద్దరినీ కూర్చోబెట్టగలిగేది అంగళ్ల సంఘమే, మున్సిపాలిటీ కాదు. ఒప్పందం ఇలా ఉండాలి: బాడుగవాడు రిపేరు చేయిస్తాడు, ఆ ఖర్చు నెలనెలా బాడుగలో తగ్గించుకుంటాడు, అది తీరేదాకా ఓనరు ఖాళీ చేయించకూడదు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి. తెల్ల కాగితం మీద రాసుకుంటే రేపు కోర్టులో నిలబడదు. మేడమీదకు ఒక కుటుంబమో, ట్యూషనో వస్తే మేలు. రాత్రి తొమ్మిదికి పైన లైటు వెలుగుతుంటే కింద ఆడవాళ్లు ధైర్యంగా నడుస్తారు.

ఇక ప్రభుత్వం డబ్బు ఎక్కడ పెట్టాలి? నన్నడిగితే మట్టి కింద. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైన రోజు మర్చిపోలేను. శేషాచలం మీద పడిన నీళ్లు ఊళ్లోంచే పోవాలి. వర్షపు నీటి కాలువ, మురుగు పైపు, మంచినీళ్ల పైపు, కరెంటు కేబుళ్లు, ఆ తర్వాతే రోడ్డు. వరుస తప్పితే టైల్స్ వేసిన మూడో నెలకే ఎవరో ఒకరు పలుగు పట్టుకుని వస్తారు. కేబుళ్లకు ఖాళీ పైపులు ఎక్కువగానే వేయించండి. తేర్లు తిరిగే వీధైతే వైర్లు కిందికి పోవడం ఇంకో వరం. మాడవీధుల్లో ఏం కట్టాలన్నా కారు తిరిగే వంపు కొలిస్తే చాలదు, రథం తిరిగే వంపు కొలవాలి.

మున్సిపాలిటీ తన డబ్బుతో కాంప్లెక్స్ కడతానంటే మాత్రం గట్టిగా ప్రశ్నించండి. నేను పనిచేసిన ఒక ఊళ్లో పాత మార్కెట్ పడగొట్టి రెండంతస్తులు కట్టారు. కొలతలు నావే, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. కింది గదులు వేలంలో పోయాయి. పైన పదహారు గదులకు గుడ్‌విల్ (గది దక్కాలంటే ముందే కట్టాల్సిన మొత్తం) ఎంతో చూసి ఎవరూ ముందుకు రాలేదు. పైగా మూడేళ్లకోసారి బాడుగ మూడోవంతు పెరుగుతుంది. నేను బదిలీ అయ్యే నాటికి పైన మేకలు పడుకునేవి. మెట్లెక్కి కూరగాయలు కొనే మనిషిని నేనైతే చూడలేదు.

అదే ఊళ్లో పూలమ్మే ఆడవాళ్లను "అడ్డం" అని వీధిలోంచి తీసి మార్కెట్ వెనక కూర్చోబెట్టాం. నెల తిరిగేసరికి సాయంత్రం వీధి బోసిపోయింది. పూలకని వచ్చినవాళ్లే పసుపు, కుంకుమ, స్వీట్లు కొనేవాళ్లని అంగళ్లవాళ్లకు అప్పుడు తెలిసింది. వాళ్లే వెళ్లి ఆ ఆడవాళ్లను వెనక్కి పిలుచుకొచ్చారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, చదవండి. సర్వే చేసి కార్డులు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు, ఇచ్చాక కదిలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారుల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం ఆ వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. ఆ కమిటీ మీ ఊళ్లో చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడగండి. సమాధానం రాకపోతే పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో చెప్పాలి.

ప్రైవేటువాళ్లు వస్తే భయపడొద్దు. పార్కింగ్, హోటల్, లాడ్జి లాంటివి వాళ్లే బాగా నడుపుతారు. కానీ మున్సిపాలిటీ స్థలం లీజుకే పోవాలి, అమ్మకానికి కాదు. వ్యాపారం ఉన్నా లేకపోయినా ఏటా ఇంత కట్టాలి, పైన ఆదాయంలో వాటా ఇవ్వాలి. గడువులోగా కట్టకపోతే స్థలం వెనక్కి రావాలి. ముందున్న ఫుట్‌పాత్ అందరిదీ అనీ, మరుగుదొడ్డి ఉచితమనీ, దాన్ని ఎవరు కడగాలన్నదీ అందులోనే రాయించండి. మా అల్లుడు ఈ చివరి మాటకు నవ్వాడు. వాడి అంగడికి స్టీలు సామాన్ల కోసం వచ్చినామె దారి అడిగే మొదటి చోటు ఏదో వాడికే తెలుసు.

స్మార్ట్ సిటీ డబ్బు వస్తుందని ఎదురుచూడొద్దు. తిరుపతి 2016లో ఎంపికైంది. ఆ కేంద్ర ప్రభుత్వ పథకం 2025 మార్చితో ముగిసింది, చిత్తూరు ఆ జాబితాలోనే లేదు. ఉన్న డబ్బుతో ఒక వీధి, మూడు వందల అడుగులు, మొదట పూర్తి చేయమనండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలో కూడా మీరే చెప్పాలి. మా దగ్గరైతే మేలో తాతయ్యగుంట గంగజాతర. బైరాగి వేషం, బండ వేషం కట్టినవాళ్లు పాత వీధులన్నీ తిరుగుతారు, గుంతలు తవ్విపెడితే కాళ్లు విరుగుతాయి. ఆ చుట్టుపక్కలే గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు. అక్టోబరు, నవంబరుల్లో వానలు. మిగిలిన నెలల్లో కూడా సగం వీధి తవ్వి, సగంలో వ్యాపారం సాగనివ్వాలి. ప్రతి అంగడి ముందూ చెక్క పలక వేయడం కాంట్రాక్టులో ఉండాలి. అది లేక దసరా బేరం పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

పని అయిపోయి రిబ్బను కత్తిరించాక ఒక పని మిగులుతుంది. లోపాలకు కాంట్రాక్టరు ఎన్నాళ్లు బాధ్యుడో ఒప్పందంలో ఉంటుంది, ఆ కాగితం జిరాక్స్ తీసి సంఘం దగ్గర పెట్టుకోండి. తొలి పెద్ద వాన పడిన రాత్రి గొడుగు పట్టుకుని వీధిలో నడవండి. నీళ్లు నిలిచిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టమని మా వాడికి చెప్పబోయి, తడి నేల మీద సుద్ద నిలవదని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నా. తేదీ పడేలా ఫోటో తీసి మున్సిపాలిటీ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) పంపమన్నా.

"వానలో అంగడి ఎవరు చూస్తారు మామా?" అన్నాడు. మా అక్కను కూర్చోబెట్టమన్నా.