గల్ఫ్‌కు పోయే ముందు ఆలుమగలు కూసోని తేల్చుకోవాల్సినవి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ దిక్కు గల్ఫ్ కాపురాలు ఎక్కువ. ఒకరినొకరు అర్థం చేసుకునుడు, నమ్మకంగ ఉండుడు, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకునుడు అన్నయి ఈ కాపురాల్లో పైసల దగ్గర, ఫోన్ల, తిరిగొచ్చినంక ఇంట్ల తేలుతయి.

ముందు అప్పు. వీసాకు తెచ్చిన అసలెంత, మిత్తి ఎంత, ఎవరికియ్యాలె అన్నది ఒక నోటుబుక్కుల రాసి ఇద్దరు చూసుకోవాలె. 2 లక్షలు నూటికి 2 రూపాయల మిత్తికి తెస్తే నెలకు 4 వేలు మిత్తికే పోతయి. ఈ లెక్క భార్యకు తెల్వకుంటే "జీతం ఎటుపోతుంది" అన్న అనుమానం అక్కడ్నే పుడుతది. ఇంటి ఖర్చు పైసలు నేరుగ ఆమె ఖాతాల పడాలె. అన్ని అన్న చేతికో నాయిన చేతికో పంపితే పిల్లల ఫీజుకు కూడా ఆమె అడుక్కోవాల్సి వస్తది. జీతం ఆలస్యమైతే ఆ నెలనే చెప్పున్రి, దాచిపెట్టొద్దు.

కాగితాలు కూడా ఇదే నమ్మకం కిందికొస్తయి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం, కంపెనీ చిరునామా ఫొటోలు భార్య ఫోన్ల ఉండాలె. ఈసీఆర్ పాస్‌పోర్టు (పోయే ముందు సర్కారు వలస అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు) మీద పోయేటోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, ప్రమాదంల చనిపోతే 10 లక్షలు వస్తయి. నామినీ పేరు ఎవరిదుందో విమానం ఎక్కకముందే చూసుకోన్రి.

ఎక్కువ కాపురాలు చెడేది ఫోన్ దగ్గర. సౌదీ, కువైట్, ఖతార్ మనకంటె రెండున్నర గంటలు వెనుక, దుబాయ్, ఒమన్ గంటన్నర. సౌదీల సాయంత్రం 6కు డ్యూటీ దిగితే మనకు రాత్రి ఎనిమిదిన్నర. బస్సుల క్యాంపుకు పోయి, వండుకోని తినేసరికి ఇక్కడ పది దాటుతది, పొద్దున్నే పొలం పోయే మనిషికి అది నిద్రవేళ. అందుకే దినాం పొట్టిగ ఒక మాట, సెలవు దినం నిమ్మలంగ మాట్లాడుడు అని టైం పెట్టుకోన్రి. ఫోన్ ఎత్తకుంటే ఒక్క మెసేజ్ పెట్టి ఆగాలె. లైన్ బిజీ వస్తే "ఎవరితోని?" అని నిలదీసుడు, వీడియోల "రూమంత చూపెట్టు" అనుడు నమ్మకాన్ని కాపాడవు, దాచుకునే అలవాటు నేర్పుతయి. ఊర్ల ఎవరన్న ఏదన్న మోస్తే తల్లినో చెల్లెనో అడగకముందు భార్యనే అడగాలె. భర్త గురించి విన్నప్పుడు ఆమె కూడా అంతే.

తిరిగొచ్చినంక మొదటి రెండు వారాలు ఇంటి పెత్తనం తీసుకోవద్దు. సంఘం కిస్తీ, యూరియా, బడి, అత్తమామల మందులు ఇన్నేండ్లు ఆమెనే చూసింది. ఆమె లెక్క తెలుసుకున్నంక పని పంచుకోవాలె. చిన్న పిల్లలు కొత్త మనిషని దూరం జరుగుతరు, బలవంతంగ ఎత్తుకోవద్దు. తల్లితో కలిసి బడికి దింపుకుంట మెల్లగ దగ్గర కావాలె. బతుకమ్మకు వస్తే ఆమె తల్లిగారింటికి పోయే దినాలు సెలవు లెక్కల ముందే పట్టుకోన్రి.

ఒప్పుకునుడంటె కొట్టినా పడుండుడు కాదు. దెబ్బలు, బెదిరింపులు ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యాలె.