పక్క రాష్ట్రంలో పాత కారు కొన్నారా? తోలుకొచ్చే ముందు ఇవి చూసుకోండి

నేను కర్నూలులో వాహన బీమా ఏజెంటుని. బెంగళూరును హైదరాబాదుతో కలిపే 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు కొని ఇటు తెచ్చుకునేవాళ్ళు బయల్దేరే ముందో, కొందరైతే సగం దారిలో ఉండో నాకు ఫోన్ చేస్తారు. అడిగేది దాదాపు ఒకటే. "అక్కా, ఆర్‌సీ ఇంకా నా పేరు మీదికి రాలేదు. దారిలో ఆపితే బండి పట్టుకుంటారా?"

పట్టుకోవడానికి అది కారణం కాదు. మీ బావమరిది కారు అడిగి తెచ్చుకుని తిరుపతి వెళ్ళినప్పుడు ఆర్‌సీ ఎవరి పేరున ఉంది? ఓనరుకు తెలిసి, ఓనరు ఒప్పుకుని ఇచ్చిన బండిని లైసెన్సు ఉన్నవాళ్ళు నడపడంలో తప్పేమీ లేదు. పక్క రాష్ట్రం నంబరు ప్లేటుతోనూ ఇబ్బంది లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి దేశమంతా చెల్లుతుంది. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటేనే అక్కడి నంబరు తీసుకోవాలి. కాబట్టి కేఏ నంబరుతో కర్నూలు దాకా నిశ్చింతగా రావచ్చు. కొందరు పాత ప్లేటు పీకేసి 'టీఆర్' అని కాగితం అంటిస్తారు, అలా చేయకండి. తాత్కాలిక రిజిస్ట్రేషన్ కొత్త బండ్లకు ఇచ్చేది, అదీ ఆర్టీవో ఇస్తేనే. ప్లేటు లేని కారు తనంతట తానే పోలీసులను పిలుస్తుంది.

అసలు భయపడాల్సింది ఇన్సూరెన్స్ గురించి. నేను ఏజెంటుని కాబట్టి ఇలా అంటున్నానని అనుకుంటే అనుకోండి. మిగతా కాగితాల్లో ఏది తక్కువైనా చాలావరకు జరిమానాతో పోతుంది. ఇది లేని రోజు ఒక మనిషికి దెబ్బ తగిలితే, ప్రమాద కేసులు చూసే ట్రిబ్యునల్ వేసే పరిహారం మీ నెత్తిన, రికార్డుల్లో ఓనరుగా ఉన్నాయన నెత్తిన పడుతుంది. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని చట్టంలో ఉంది. ఆ 2,000 చూసి తేలిగ్గా తీసుకునేవాళ్ళు పరిహారం సంగతి ఆలోచించరు.

అమ్మే ఆయన పాలసీ ఇంకా నడుస్తోందనుకోండి. చట్టంలోని 157వ సెక్షను ప్రకారం, బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవరు (మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి ఇచ్చేది) దానంతట అదే కొన్నవాళ్ళకు బదిలీ అయినట్టు లెక్క. 14 రోజుల్లో పాలసీలో పేరు మార్చమని కంపెనీకి అర్జీ పెట్టుకోవాలి. ఇంతవరకు బ్రోకర్లూ చెప్తారు. చెప్పనిది ఏమిటంటే, ఈ వెసులుబాటు థర్డ్ పార్టీకి మాత్రమే. మీ కారుకు సొంతంగా జరిగే నష్టానికి ఇది వర్తించదు. సుప్రీంకోర్టు 1996లోనే ఈ సంగతి తేల్చింది. అంటే పాలసీ పాత ఓనరు పేరున ఉండగా గుత్తి దగ్గర డివైడరుకు గుద్దుకుంటే, బంపరు నుంచి ఇంజను దాకా ఖర్చు మీదే. కాగితం మీద 'కాంప్రహెన్సివ్' అని ఎంత పెద్దక్షరాల్లో ఉన్నా అంతే. ఓనరు-డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా పాత ఓనరుకే, స్టీరింగ్ పట్టుకున్న మీకు కాదు.

అందుకని బేరం కుదిరిన రోజే ఆ పాలసీ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేసి, పేరు మార్పుకు ఏమేం కావాలో అడగండి. కొన్ని కంపెనీలు 29, 30 ఫారాల (ఇవేమిటో కింద చెప్తాను) కాపీలు, అమ్మకపు పత్రం, పాత ఓనరు సమ్మతి చూసి చేసేస్తాయి. కొన్ని కొత్త ఆర్‌సీ వచ్చాకే అంటాయి. రెండో రకమైతే దారి పొడవునా సొంత నష్టానికి కవరు లేదని తెలుసుకునే బయల్దేరండి, రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. ఇంకో మాట, నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మనిషిది, బండిది కాదు. పాలసీ మీ పేరు మీదికి వచ్చేటప్పుడు ఆ తగ్గింపు తాలూకు తేడా మీ దగ్గర వసూలు చేస్తారు. "యాభై శాతం బోనస్ ఉన్న బండి సార్" అని అమ్మేవాళ్ళు చెప్తే ఆ మాటకు ధర కట్టకండి.

పాలసీ అయిపోయిన కారైతే, డబ్బు కట్టగానే కవరు మొదలైపోతుందని అనుకోవద్దు. పాలసీ కాగితంలో మొదలయ్యే తేదీ, టైము రాసి ఉంటాయి, అవి చదవండి. సొంత నష్టం కవరు కావాలంటే ముందు బండిని తనిఖీ చేయించమంటారు. ఒక వెసులుబాటు కూడా ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ళ థర్డ్ పార్టీ కలిపే ఇస్తున్నారు. కారుకు మూడేళ్ళు నిండకపోతే, సొంత నష్టం కవరు పోయినా థర్డ్ పార్టీ బతికే ఉండొచ్చు. పాత పాలసీ తీసి రెండు తేదీలూ విడివిడిగా చూడండి. ఏ కవరూ లేదని తేలితే మాత్రం ఆ కారును రోడ్డెక్కించకండి. లారీ మీద ఎక్కించి తెచ్చుకోండి, లేదా పాలసీ మొదలయ్యేదాకా అమ్మేవాళ్ళ షెడ్డులోనే ఉంచండి.

ఇక మిగతా కాగితాలు. పరివాహన్ సైటులో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ నంబరు కొట్టి, ఆర్‌సీ చెల్లుబాటు తేదీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఫైనాన్స్ వివరాలు మీరే చూడండి. వాళ్ళు పంపిన స్క్రీన్‌షాట్ మీద ఆధారపడొద్దు. ప్రైవేటు కారు ఆర్‌సీ 15 ఏళ్ళకు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్ అయి ఉండాలి. గడువు దాటిందంటే అది రోడ్డు మీదికి రావాల్సిన బండి కాదు. బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. ఆర్‌సీలో తెలుపు అని ఉండి కారు నల్లగా ఉన్నా, ఆర్‌సీలో పెట్రోలు అని ఉండి డిక్కీలో గ్యాసు సిలిండరు కనబడినా బేరం ఆపి అది ముందు సరిచేయించమనండి. ఆ మార్పులు ఆర్‌సీలో ఎక్కి ఉండాలి.

చలాన్లు ఈ-చలాన్ పరివాహన్ సైటులోనూ, ఆ రాష్ట్ర పోలీసుల సైటులోనూ, రెండు చోట్లా చూడండి. ఒక దాంట్లో కనబడనివి ఇంకోదాంట్లో ఉండొచ్చు. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి తేలిక, చాలా పెట్రోలు బంకుల దగ్గరే చేస్తారు. బీఎస్-4 అనే పొగ ప్రమాణం, ఆ తర్వాతి ప్రమాణాల బండ్లకు ఏడాది చెల్లుతుంది, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలు. అది లేకపోతే జరిమానా 10,000 దాకా వెళ్ళొచ్చు కాబట్టి ఊరు దాటకముందే చేయించేయండి.

ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే, అప్పు తీరిపోయిందన్న మాట చాలదు. అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీసేయమని బ్యాంకు సంతకంతో ఉన్న ఫారం 35 చూపించాలి. అవి చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇచ్చారంటే, మీరు కొన్నది ఇంకొకరి అప్పు కూడా.

అమ్మేవాళ్ళ దగ్గర తీసుకోవాల్సిన సంతకాల గురించి కాస్త వివరంగా చెప్తాను, గొడవలన్నీ ఇక్కడే వస్తాయి కాబట్టి. ఫారం 29 బండి అమ్మానని తెలిపేది. ఫారం 30 పేరు మార్చమని ఇద్దరూ కలిసి అడిగేది, దాని మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర కూడా ఉండాలి. రెండింటిలోనూ మీ పేరు, అడ్రసు, తేదీ నింపాకే సంతకాలు పెట్టించండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని, ఆ ఫారాలతోనే బండిని నలుగురికి తిప్పే బ్రోకర్లు ఉన్నారు. 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన నవీన్ కుమార్ కేసులో జరిగింది దాదాపు ఇదే. ఆర్‌సీలో పేరున్న ఓనరు కారు అమ్మేశాడు, అది చేతులు మారుతూ పోయింది, పేరు మాత్రం మారలేదు, ప్రమాదం జరిగింది. రికార్డుల్లో ఎవరి పేరుందో ఆయనే ఓనరు, పరిహారం ఆయనే కట్టాలి అని కోర్టు చెప్పింది. అమ్మేవాళ్ళు సంతకాలకు బద్ధకిస్తుంటే ఈ కేసు సంగతి చెప్పండి. కాగితం సరిగ్గా ఉండటం మీకన్నా ఆయనకే ఎక్కువ అవసరం.

వీటితో పాటు ఒక డెలివరీ పత్రం రాసుకోండి. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ధర, ఇద్దరి పేర్లు, సంతకాలు, బండి అప్పగించిన తేదీతో పాటు గంట, నిమిషం కూడా. సాయంత్రం 4:30కి తాళాలు ఇచ్చి, 6 గంటలకు కెమెరా చలాను పడితే అది ఎవరిదో ఆ కాగితం చెప్తుంది. "ఫలానా ఆయన ఈ బండిని నా సమ్మతితో కర్నూలు తీసుకెళ్తున్నారు" అన్న వాక్యం కూడా అందులోనే రాయించండి. పాత ఓనరు గుర్తింపు కార్డు కాపీ జత చేసుకోండి. దారిలో ఎవరైనా ఆపితే ఈ ఒక్క కాగితంతో మాట తెగుతుంది. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయ పన్ను చట్టం ఒప్పుకోదు. పైగా రేపు గొడవ వస్తే బ్యాంకు స్టేట్‌మెంటే మీ సాక్ష్యం.

బ్యాంకుది కాక ఇంకో ఎన్‌ఓసీ ఉంది, బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఇచ్చేది. అదే ఫారం 28, దాన్ని ఆ రాష్ట్ర ఆర్టీవో ఇవ్వాలి. అది ఫలానా ఆర్టీవో పేరున ఇస్తారు. మీ అడ్రసు ఏ ఆఫీసు కిందికి వస్తుందో తెలుసుకుని ఆ పేరే రాయించండి. తప్పు ఆఫీసు పేరు పడితే దిద్దించడానికి మళ్ళీ బెంగళూరు పోవాలి. ముందు బండి తెచ్చేసుకుని, ఎన్‌ఓసీ తర్వాత కొరియర్లో పంపుతామంటే చట్టప్రకారం బండి నడపడానికి అడ్డేమీ లేదు. కానీ పూర్తి డబ్బు ముట్టాక ఆయన ఫోను ఎత్తుతాడన్న నమ్మకం ఎంత? ఎన్‌ఓసీ వచ్చేదాకా కొంత డబ్బు ఆపుకోమనే నేను చెప్తాను. ఇబ్బందిగా అనిపించినా సరే, అడగండి. కొన్నది ఒకే రాష్ట్రంలోనైతే ఈ గొడవ చాలావరకు ఉండదు, 29, 30 ఫారాలతో పని నడుస్తుంది.

డీలరు దగ్గర కొంటుంటే ఆర్టీవో ఇచ్చిన ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు అది తప్పనిసరి. పాత ఓనరు బండి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలిపాక డీలరే ఓనరు కింద లెక్క. ఆ సర్టిఫికెట్ లేనివాడు పేరుకు షోరూమ్ పెట్టుకున్నా చట్టం దృష్టిలో మధ్యవర్తే.

దారిలో చూపించాల్సినవి నాలుగు: లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్. డిజిలాకర్, ఎంపరివాహన్‌లో ఉన్నవి అసలుతో సమానంగా చెల్లుతాయి. అయితే ఆర్‌సీ పాత ఓనరు పేరున ఉంది కాబట్టి మీ డిజిలాకర్‌లోకి అది రాకపోవచ్చు. ఒరిజినల్ కార్డు తీసుకునే బయల్దేరండి. కిటికీలకు నల్ల ఫిల్ము ఉంటే అక్కడే పీకించేయండి. సుప్రీంకోర్టు 2012లోనే దాన్ని నిషేధించింది. పక్క రాష్ట్రం నంబరు, నల్ల అద్దాలు కలిస్తే ప్రతి చెక్‌పోస్టులోనూ ఆపుతారు. టైర్ల గీత లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గి ఉంటే చట్టానికీ విరుద్ధమే, ఈ హైవే మీద మీ ప్రాణానికీ ముప్పే.

ఫాస్టాగ్ పాత ఓనరు బ్యాంకు ఖాతాకో, వాలెట్‌కో ముడిపడి ఉంటుంది. ఆయన బండి ఇచ్చిన వెంటనే దాన్ని మూయించేస్తే బాగేపల్లి టోల్ దగ్గరే ఇరుక్కుంటారు. ఫాస్టాగ్ పనిచేయకపోతే మామూలు టోల్ కన్నా ఎక్కువ కట్టాలి. యూపీఐతో కడితే 1.25 రెట్లు, ఇది 2025 నవంబరు 15 నుంచి వచ్చిన పద్ధతి. ఇల్లు చేరేదాకా ట్యాగు ఉంచమని అడిగి, కర్నూలు దాకా పడిన టోళ్ళు, హైదరాబాదు వైపు వెళ్ళేవాళ్ళయితే ఆ తర్వాత పడినవి కూడా కలుపుకుని, ఆ డబ్బు ఆయనకు పంపేయండి. ఆ తర్వాత ఆయన దాన్ని మూయించుకోవాలి, మీరు కొత్తది తీసుకోవాలి. నంబరు మారినప్పుడు ట్యాగు వివరాలూ మార్పించాలి.

ఇంటికొచ్చాక బండి కడగడానికన్నా ముందు క్యాలెండరులో తేదీలు రాసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజులు. పేరు మార్పుకు ఆర్టీవో దగ్గర మీకు 30 రోజులు. వేరే రాష్ట్రానికి అమ్మినాయన తన వైపు నుంచి తెలపడానికి 45 రోజులు. ఎన్‌ఓసీ చేతిలో ఉంటే పేరు మార్పుకూ, కొత్త నంబరుకు పెట్టే ఫారం 27కూ ఒకేసారి మన ఆర్టీవోలో దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పుడు లైఫ్ టాక్స్ మళ్ళీ ఇక్కడ కట్టాలి, కారు వయసును బట్టి. బేరమాడేటప్పుడే ఆ మొత్తం మన ఆర్టీవోలో కనుక్కుని ధరకు కలిపి చూసుకోండి. బెంగళూరులో చౌకగా దొరికిన కారు ఇక్కడికొచ్చేసరికి చౌక కాకపోవచ్చు. అక్కడ కట్టిన లైఫ్ టాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు వచ్చే వీలుంది. అది మీకా ఆయనకా అన్నది కూడా ఆ డెలివరీ పత్రంలోనే ఒక లైను రాయించుకోండి.