ఒకే మాట రెండు భాషల్లో వినిపిస్తే అది చుట్టరికమో కాకతాళీయమో ఎలా తేల్చుకోవాలి?

తెలుగులో ‘నీ’, మాండరిన్ చైనీస్‌లో కూడా ‘నీ’. రెండూ ఎదుటి మనిషినే సూచిస్తాయి. తమిళ పిల్లలు నాన్నను ‘అప్పా’ అంటారు, కొరియా పిల్లలూ అంతే. ఇలాంటి జత ఒకటి దొరికితే చాలు, రెండు భాషలూ ఒక తల్లి బిడ్డలేనంటూ వాట్సాప్‌లో తిప్పేస్తారు. ఈ తొందరలో మన మాటల అసలు చరిత్ర మరుగున పడిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. దాన్ని తెలుసుకోవడానికి భాషాశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, కొన్ని నిఘంటువులు, కాస్త ఓపిక ఉంటే సరిపోతుంది.

1. మాటను విడదీసి రాసుకోండి

పలుకుబడి, అర్థం, వాడే సందర్భం వేరువేరుగా రాయండి. రాతలో ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకే మాట అనుకోవద్దు. అన్నంలో పోసుకునే ‘చారు’ ద్రావిడ పదం, కన్నడంలో సారు. ‘చారుమతి’లోని చారు సంస్కృతం, అందమైన అని అర్థం. వీటికి రెండు వరుసలు కేటాయించాలి. చైనీస్ మాటైతే స్వరం ఎలా దిగి లేస్తుందో కూడా రాసుకోవాలి, అక్కడ అది మాటలో భాగమే.

2. పాత రూపం వెతకండి

అసలు పని ఇక్కడే ఉంది. ఆస్ట్రేలియా ఈశాన్యాన, క్వీన్స్‌లాండ్‌లో ఎంబబరం అనే ఆదివాసి భాష ఉండేది. 1960ల్లో భాషావేత్త ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ ఆ భాష తెలిసిన చివరి తరం మనిషిని కుక్కను ఏమంటారని అడిగితే, ‘డాగ్’ అని జవాబొచ్చింది. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నదేమో అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ దగ్గరి భాష యిడిన్‌లో కుక్క ‘గుడగ’, జిర్బల్‌లో ‘గుడ’. ఎంబబరంలో మాటల మొదటి అక్షరం రాలిపోవడం మామూలే. గుడగలో ముందు ‘గు’ పోయింది, చివరి అచ్చు పోయింది, మధ్య అచ్చు ‘ఒ’ వైపు జరిగింది. మిగిలింది డాగ్. ఇంగ్లీషు డాగ్ పాత ఇంగ్లీషు ‘డొగ్గ’ నుంచి వచ్చింది. అంతకుముందు అక్కడ కుక్కకు మామూలు మాట ‘హుండ్’, జర్మన్‌లో ఇప్పటికీ అదే. రెండు మాటలూ వెనక్కి వెళ్లేకొద్దీ దూరమవుతున్నాయి. నిజంగా చుట్టాలైతే వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవ్వాలి.

3. తోబుట్టువు భాషలను అడగండి

మన ‘నీ’కి తమిళంలో నీ, మలయాళంలో నీ, కన్నడంలో నీను. ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలోనూ నీ. అంటే ఈ మాట తెలుగు పుట్టకముందే ద్రావిడ కుటుంబంలో ఉంది. మాండరిన్ ‘నీ’కి వేరే పూర్వికుడు ఉన్నాడు. ఆ పాత మాటకు వాడే అక్షరాన్ని నేటి మాండరిన్‌లో ‘అర్’ లాగా చదువుతారు. పక్కనున్న మాటలూ చూడండి. మనకు ఒకటి, రెండు, మూడు అయితే వాళ్లకు యీ, అర్, సాన్. ఒక హల్లు, ఒక అచ్చు ఉన్న చిన్న మాటలు ఎన్ని భాషల్లోనైనా కలిసిపోవచ్చు. పొడవైన మాటలు, అదీ గుంపుగా, కలిస్తేనే ఆలోచించాలి.

4. పోలికను కాదు, క్రమం తప్పని తేడాను పట్టుకోండి

పాలు, హాలు. పులి, హులి. పాము, హావు. పువ్వు, హూవు. తెలుగులో ‘ప’ ఉన్నచోట కన్నడంలో వరసగా ‘హ’ వస్తోంది. హళగన్నడంలో, అంటే పాత కన్నడంలో, ఇవన్నీ పకారంతోనే ఉండేవి. అలాగే చెవికి కివి, చెరువుకు కెరె: ఇ, ఎ ముందు పాత ‘క’ తెలుగులో ‘చ’ అయింది. చెరువు, కెరె పైకి ఎంత వేరుగా ఉన్నాయో చూడండి, అయినా అవే అసలైన తోబుట్టువులు. మీ జతకు ఇలాంటి వరస నాలుగైదు మాటల్లో దొరకకపోతే, అది చుట్టరికమని చెప్పకండి.

5. ప్రయాణం చేసి వచ్చిన మాటేమో చూడండి

ఇంగ్లీషు ‘బాండికూట్’ మన పందికొక్కే. ఆస్ట్రేలియాలో ఆ పేరు ఇంకో జంతువుకు పెట్టారు. అంటే అర్థం మారినా మాట అదే. చాయ్, తేయాకులోని ‘తే’ రెండూ చైనా నుంచే వచ్చాయి, దారులు మాత్రం వేరు. ఇవి అప్పు మాటలు, రక్తసంబంధం కాదు. మరి బద్నాం, బద్మాష్? వీటిలోని ‘బద్’ పారసీకం, ఉర్దూ మీదుగా మనకు చేరింది. అర్థం చెడ్డ. ఇంగ్లీషు ‘బ్యాడ్’ అర్థమూ అదే! కానీ పారసీక మాట పాత రూపం ‘వద్’. ఇంగ్లీషుది మొదటినుంచీ బకారమే. పారసీకం, ఇంగ్లీషు ఒకే కుటుంబానివైనా ఈ రెండు మాటలకు సంబంధం లేదు.

6. పసిపిల్లల మాటలను పక్కన పెట్టండి

అమ్మ, అప్ప, పాపా, మామా లాంటివి ఏ పోలికకూ సాక్ష్యం కావు. పెదవులతో పలికే శబ్దాలు పసివాళ్లకు ముందే వచ్చేస్తాయి, పెద్దవాళ్లు వాటికి తమ అర్థం ఇచ్చుకుంటారు. జార్జియన్ భాషలో ‘మామా’ అంటే నాన్న. కాకి, కోకిల లాంటి ధ్వనులను అనుకరించే మాటలకూ ఇదే వర్తిస్తుంది.

ఇక ఎక్కడ వెతకాలి? తెలుగు మాటకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులను ఒకేసారి చూడొచ్చు. 1852లో మొదట అచ్చయిన బ్రౌన్ నిఘంటువు, భాషావేత్తలు బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి కోశం షికాగో విశ్వవిద్యాలయం సైటులో ఉచితంగా దొరుకుతాయి. మొదటి అభ్యాసానికి ‘కారు’ తీసుకోండి. కారుచీకటిలోని కారు, నీళ్లు కారడం, రోడ్డు మీద కారు, మూడూ మూడు వరుసల్లో రాయండి. రోడ్డు మీది కారు ఇంగ్లీషు ద్వారా వచ్చింది, దాని వెనక లాటిన్ ‘కర్రుస్’, ఇంకా వెనక గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు ప్రాచీన జాతి) భాష ఉన్నాయి. కన్నడంలో ‘కారు’ అంటే కక్కడం. దాన్ని మన ‘నీళ్లు కారడం’ పక్కన పెట్టే ముందు, ఆ మాటలో ఉన్నది ‘ర’నో పాత బండి ‘ఱ’నో కోశంలో చూసుకోండి.