పాత మెటాడోర్ మోటార్ హోమ్‌కు రంగులు, గీతలు వేయించే పద్ధతి

మా మోటార్ హోమ్ నిజానికి ఒక పాత మెటాడోర్ వ్యాన్. లోపల రెండు పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు అమర్చుకుని, విజయనగరం నుంచి ఒకవైపు కళింగపట్నం తీరం దాకా, మరోవైపు శృంగవరపుకోట ఘాట్ ఎక్కి అరకు దాకా కుటుంబమంతా అందులోనే తిరుగుతాం. ఇటువంటి పాత బండికి కొత్త రంగులు వేయించాలనుకునేవారికి నేను మొదట చెప్పదలచుకున్నది ఒక్కటే: బండి రేకుకు తయారైన నాడే కొన్ని మడతలు, అంచులు ఏర్పడి ఉంటాయి, మనం వేయించే గీతలు వాటి వెంట నడిస్తే బండి నిండుగా కనిపిస్తుంది, వాటిని అడ్డంగా నరికితే ఎంత ఖరీదైన రంగయినా పైన అతికించినట్టే ఉంటుంది. అయితే గీతల సంగతి చివరి వారంలో వచ్చేది. అంతకుముందు చేయవలసిన పని చాలా ఉంది, అలంకారం ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఆ పని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా, ఇప్పుడు బండి మీద ఉన్న రంగు ఏ జాతిదో తెలుసుకోవాలి. కంటికి కనబడని ఒక మూల, ఉదాహరణకు వెనుక తలుపు లోపలి అంచున, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో, అంటే రంగును పలచన చేసే ద్రవంలో, తడిపిన తెల్లగుడ్డను ఒక నిమిషం పాటు అద్ది ఉంచి రుద్ది చూడండి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది ఎన్‌సీ లాకర్. ముడతలు పడి లేస్తే సింథటిక్ ఎనామెల్. ఏ మార్పూ లేకుండా నిలబడితే హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టిన పీయూ (పాలీయురెథేన్) రంగో, ఫ్యాక్టరీలో వేడి చేసి ఆరబెట్టిన రంగో అయి ఉంటుంది. ఈ చిన్న పరీక్ష చేయనందువల్ల మేము మొదటిసారి నష్టపోయాం. ఊరి బయట ఒక షెడ్డులో, మునుపటి యజమాని వేయించిన ఎనామెల్ మీదనే నేరుగా పీయూ రంగు కొట్టేశారు. సాయంత్రానికి ఎడమవైపు గోడంతా పాలమీగడ ముడుచుకున్నట్టు ముడుచుకుంది. పీయూలోని ఘాటైన థిన్నర్ అడుగున ఉన్న ఎనామెల్‌లోకి దిగి దాన్ని ఉబ్బించడమే అందుకు కారణం. పైది, కిందిది రెండూ గీకించి మళ్లీ రేకు దాకా వెళ్లవలసి వచ్చింది. కాబట్టి ఎనామెల్ ఉన్నదని తేలితే దాన్ని పూర్తిగా తీయించండి, లేదా మళ్లీ ఎనామెల్‌తోనే సరిపెట్టుకోండి. మధ్యేమార్గం కోసం వెతకవద్దు.

తరువాతిది టింకరింగ్, అంటే రేకును బాగుచేసే పని. సముద్రపు గాలి తగిలే ప్రాంతాల్లో తిరిగిన బండికి తుప్పు పైకి కనిపించేదానికంటే లోపలే ఎక్కువ ఉంటుంది. మా బండి వెనుక చక్రం పైభాగంలో కందిగింజంత బొబ్బ ఒకటి ఉండేది. స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని మెల్లగా నొక్కితే రంగుపొర పెంకులా ఊడి, దాని వెనుక తడిసిన కాఫీపొడిలాంటి తుప్పు రాలింది; చివరికి అరచేయి పట్టేంత రేకును కోసి కొత్తది వెల్డింగ్ చేయించవలసి వచ్చింది. అందువల్ల చక్రాల పైన, తలుపుల అడుగున, పైకప్పు అంచున వాననీరు పోయే గాడిలో, కిటికీ రబ్బర్ల కింద కనిపించే ప్రతి బొబ్బనూ పొడిచి చూడాలి. కిటికీ రబ్బర్లను ఊడదీయకుండా వాటి చుట్టూ టేపు వేసి రంగు కొట్టే షెడ్డు పని ఎంత చవకైనా ఒప్పుకోకండి, ఎందుకంటే తుప్పు మళ్లీ మొదలయ్యేది ఆ రబ్బరు కిందనే. పుట్టీ విషయంలోనూ గట్టిగా ఉండాలి. అది సన్నని పల్లాలను సమం చేయడానికే గాని రంధ్రాలు పూడ్చడానికి కాదు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఒకేచోట పట్టిస్తే ఘాట్‌రోడ్డు కుదుపులకు అది పగులుతుంది.

రుద్దే పని తడిపి చేయడమే మంచిది. పాతకాలపు ఎనామెళ్లలో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో, సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగులలో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) పరిమితం చేసిన నిబంధనలు కూడా మన దేశంలో 2016లోనే వచ్చాయి. పొడిగా రుద్దితే ఆ ధూళి పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకీ, పక్కన ఆడుకునే పిల్లల చేతులకూ చేరుతుంది. బయటపడ్డ ఇనుప రేకుకు అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి, రాత్రి మంచుకు వదిలేస్తే తెల్లవారేసరికి సన్నటి తుప్పు పూస్తుంది. అల్యూమినియం రేకుకు ముందుగా ఎచ్ ప్రైమర్ (రేకును కాస్త కొరికి పట్టుకునే ఆమ్లపు ప్రైమర్) కావాలి, లేకపోతే రంగు పట్టుకోదు. ఫైబర్ గోడలున్న బండి అయితే మెరుపు పోయి సుద్దలా రాలే పైపొరను పూర్తిగా రుద్ది, పాత మైనం పోయేలా తుడిచిన తరువాతే ప్రైమర్ వేయాలి. ప్రైమర్ మీద 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600తో ముగిస్తే రంగుకు కావలసిన నునుపు వస్తుంది.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఈ పనికి అనువైన కాలం సంక్రాంతి మంచు తగ్గినప్పటి నుంచి మార్చి చివరిదాకా. ఆ రోజుల్లో కూడా పొద్దెక్కి పదిగంటలు దాటాకే స్ప్రే గన్ పట్టుకోవాలి, సాయంత్రం నాలుగింటికల్లా ఆపాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు లాకర్ కొడితే పైన పాలపొరలా తెల్లబడుతుంది. మే నెల ఎండలో కొడితే రంగు రేకును చేరేలోపే సగం ఆరి, నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలంలో పని మొదలుపెట్టి ప్రైమర్ దశలో ఆగిపోయిన బండ్లను నేను చూశాను. చాలా ప్రైమర్లు నీటిని పీల్చుకుంటాయి కాబట్టి, ఆ దశలో వానలో నిలబెట్టిన బండికి మళ్లీ మొదటి నుంచి పని చేయించవలసిందే.

ఇక గీతల రూపకల్పన. మోటార్ హోమ్‌ల చరిత్రలో బాగా గుర్తుండిపోయిన రెండు అలంకారాలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సూత్రం అర్థమవుతుంది. 1950లో వచ్చిన జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాన్‌కు నడుము చుట్టూ రేకులోనే ఒక అంచు ఉంటుంది, అది ముందువైపు ఆంగ్ల 'వీ' అక్షరంలా కిందికి దిగుతుంది. రెండు రంగులు సరిగ్గా ఆ అంచు దగ్గరే కలుస్తాయి. అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన విన్నెబాగో సంస్థ 1966 నుంచి చేసిన మోటార్ హోమ్‌లవి పెట్టెలాంటి చదునైన గోడలు. పట్టుకోవడానికి ఏ మడతా లేదు కాబట్టి పక్కగా సాగే పట్టీయే 'డబ్ల్యూ' ఆకారంలో వంగి బండికి రూపాన్నిచ్చింది. మీ బండి ఈ రెండింటిలో ఏ కోవలోనిదో ముందు తేల్చుకోండి. మెటాడోర్ వంటి మడతల రేకు బండికి గీత ఆ మడతనే అనుసరించాలి; వెనుక కట్టించిన చదును బాడీకి మాత్రం గీతే రూపం కల్పించాలి.

దీనికి కాగితం మీద బొమ్మలు చాలవు. చదును నేల మీద బండిని నిలిపి, రంగు టేపుతో గీతలను బండి మీదే అతికించి, రోడ్డుకు అవతలి వైపు నుంచి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. ఈ దశలో చాలామంది లెవెల్ ట్యూబ్ పెట్టి నేలకు సమంగా గీత తీయిస్తారు. పాత బండి కమాను పట్టీలు కుంగి, వెనుక భాగం ఒకటి రెండు అంగుళాలు దిగి ఉంటుంది కాబట్టి, నేలకు సమమైన గీత బండి మీద మాత్రం వంకరగానే కనిపిస్తుంది. పైకప్పు గాడి నుంచో, కిటికీల కింది అంచు నుంచో కొలతలు తీసుకుని, సుద్ద పట్టించిన దారాన్ని రెండు చివరలా బిగించి కొట్టించండి. పట్టీల వెడల్పుకు నాకు పొందూరు ఖద్దరు పంచె అంచు కంటే మంచి పాఠం దొరకలేదు: ఒక వెడల్పాటి పట్టీ, కాస్త ఎడమిచ్చి దాని పక్కన ఒక సన్నని గీత, చుట్టూ పుష్కలంగా తెలుపు. మూడు రంగులు దాటితే పాత బండికి బరువవుతుంది.

రంగుల ఎంపికలో నా మొగ్గు జేగురు (ఎర్రమన్ను రంగు) వైపు. మెరిసే ఎరుపు, నిమ్మపసుపు రంగుల్లో చాలావరకు మన ఎండకు త్వరగా వెలిసిపోతాయి. ఐరన్ ఆక్సైడ్‌తో తయారయ్యే జేగురు, పసుపుమన్ను రంగులు ఏళ్ల తరబడి నిలుస్తాయి, మన పల్లెటూళ్ల మట్టిగోడల పక్కన నిలిపినప్పుడు అవి ఎంతో సహజంగా ఒదిగిపోతాయి. పైకప్పుకు తెలుపు తప్ప మరొకటి వద్దు, ముదురు రంగు పైకప్పు కింద మధ్యాహ్నం పడుకోవడం అసాధ్యం. సైన్యం వాడే ఆలివ్ గ్రీన్‌ను ఇతర వాహనాలకు వేయడం కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం నిషిద్ధం. బండి అసలు రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది కాబట్టి, ప్రధాన రంగు మారుస్తున్నట్లయితే ముందుగానే రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేసి ఆర్‌సీలో మార్పు చేయించుకోవాలి, బీమా సంస్థకూ తెలియజేయాలి. వెనుక, పక్కల ఉండే రిఫ్లెక్టర్ టేపుల మీద అలంకారం పడకూడదు.

వెడల్పు పట్టీలను టేపు వేసి స్ప్రే చేయించవచ్చు. పెయింటర్లు మామూలు కాగితపు టేపుతో సరిపెట్టేస్తుంటారు; అంచు పదునుగా రావాలంటే సన్నని ప్లాస్టిక్ టేపును ముందుగా అతికించి, దాని వెనుక కాగితపు టేపు వేయించాలి. రంగు పూర్తిగా గట్టిపడకముందే టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి, మరునాటికి వదిలేస్తే అంచు పెచ్చులుగా లేస్తుంది. సన్నని గీతలకు మాత్రం చేతి పనే సాటిలేనిది. మా బండికి గీతలు వేసిన పెద్దాయన ఒకప్పుడు జాతీయ రహదారి పక్కన లారీ బాడీల మీద రాసినవారు. ఉడుత వెంట్రుకల పొడుగు కుంచెను రంగులో ముంచి, రేకుముక్క మీద రెండు వైపులా సాగదీసి, ఎడమచేతిలోని కర్ర మీద మణికట్టు ఆనించి, నాలుగు అడుగుల గీతను ఒక్క ఊపిరిలో లాగేవారు. "చెయ్యి చేరాల్సిన చోటును చూడాలి గానీ కుంచెను చూడకూడదు బాబూ" అన్నది ఆయన మాట. ఫ్లెక్సీలు వచ్చాక ఇటువంటి చేతులకు పని కరువైంది. వెతికితే ఇప్పటికీ దొరుకుతారు, వారికి అడిగినంత కూలి ఇవ్వడం న్యాయం.

బొమ్మలు వేయించాలనుకుంటే ఒకటి చాలు. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం వచ్చే గూడబాతులు, రంగు కొంగల ఆకారాలు దూరం నుంచి కూడా స్పష్టంగా పోల్చుకోగలిగేవి, వెనుక తలుపుకు చక్కగా నప్పుతాయి. సీతంపేట ప్రాంతపు సవర గిరిజనుల చిత్రాలను చాలామంది కోరుకుంటారు. ఎర్రమట్టి గోడ మీద తెల్లని రంగుతో వేసే ఆ చిత్రాలు మొదట పూజకు సంబంధించినవి కాబట్టి, ఫోన్‌లోని ఫొటో చూసి అనుకరించకుండా, ఒక సవర చిత్రకారుణ్ని అడిగి, బండి మీద వేయదగినదేదో వారిచేతనే ఎంపిక చేయించి, వారిచేతనే వేయించడం మర్యాద.

పేరు రాయించేటప్పుడు తెలుగు లిపి స్వభావాన్ని దృష్టిలో ఉంచుకోవాలి. మన అక్షరాలకు పైన తలకట్టు, గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి, అక్షరం ఎత్తుకు దాదాపు సమానమైన ఖాళీ పైనా కిందా కలిపి వదలాలి. ఆ లెక్క వేయకపోతే వత్తు వెళ్లి కింది పట్టీ మీద కూర్చుంటుంది. కాగితం మీద పేరు రాసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, బండికి ఆనించి సుద్దపొడి మూటతో అద్దితే అక్షరాలు చుక్కలుగా పడతాయి. రివెట్ల వరుస మీద అక్షరం మధ్యభాగం రాకుండా అప్పుడే జరుపుకోవచ్చు.

క్లియర్ కోట్, అంటే రంగు మీద చివరగా కొట్టే పారదర్శకమైన పొర, విషయంలో ఒక జాగ్రత్త. చేతితో వేసిన గీతలు ఎనామెల్‌వైతే వాటి మీద పీయూ క్లియర్ కొట్టకూడదు. మొదట చెప్పిన ముడతలే మళ్లీ వస్తాయి. క్లియర్ కావాలనుకుంటే గీతలకూ పీయూ రంగునే వాడించండి. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, వాటి పొగమంచు పీల్చినవారికి జీవితాంతం వదలని ఉబ్బసం రావచ్చు. ముఖానికి తువ్వాలు కట్టుకోవడం ఏమాత్రం రక్షణ కాదు. బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్క్ ఉన్న షెడ్డులోనే ఈ పని ఇవ్వండి, లేదంటే పీయూ ఆలోచనే మానుకోండి.

పని పూర్తయ్యాక నెల రోజుల దాకా మైనం పాలిష్ వద్దు. తీరానికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ అదే రోజు మంచినీళ్లతో, ముఖ్యంగా చక్రాల లోపలి వైపు, కడగాలి. మిగిలిన ప్రతి రంగునూ హార్డెనర్ కలపకముందే చిన్న గాజుసీసాలోకి తీసి, మూత బిగించి, రంగు నంబరు, కలిపిన పాళ్లు, తేదీ రాసిన చీటీ అతికించి బండిలోనే ఒక మూల దాచండి. ఘాట్‌రోడ్డులో కొమ్మ గీరుకున్న చోట పూయడానికి అదే రంగు మళ్లీ ఏ దుకాణంలోనూ దొరకదు.