గేమ్ మధ్యలో సిస్టమ్ ఆగిపోతోందా? కొత్త కార్డు కొనే ముందు ఇవి చూడండి

"గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది వేసుకోవాలి" అని ఎవరైనా అనగానే డబ్బులు తీయకండి. పోయిన వేసవిలో మా బాబాయి కొడుక్కి ఒక షాపులో సరిగ్గా ఇదే మాట చెప్పారు. గేమ్ మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకల్లా వాడి సిస్టమ్ ఆగిపోయేది. మల్కాజ్‌గిరిలో వాళ్లింటికి వెళ్లి, క్యాబినెట్ పక్క డోర్ విప్పి టార్చి వేసి చూస్తే కార్డు ఫ్యాన్ల వెనక, చిప్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మీద బూడిద రంగు దుమ్ము కంబళి ముక్కలా పట్టేసి ఉంది. గోరుతో పట్టి లాగితే అట్టలా ఊడి వచ్చింది. వాళ్ల సందులో ఏడాదిగా అపార్ట్‌మెంట్ కడుతున్నారు, ఆ దుమ్మంతా కిటికీలోంచి నేరుగా ఆ గదిలోకే వస్తోంది. శుభ్రం చేశాం, అదే కార్డు ఇప్పటికీ నడుస్తోంది.

అందుకే ముందు అసలు ఎలా ఆగుతోందో గమనించండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. స్క్రీన్ నల్లబడి, సౌండ్ వస్తూనే ఉండి, కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా గట్టిగా తిరిగితే కార్డునో, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌నో అనుమానించాలి. ఎలాంటి మెసేజ్ లేకుండా మొత్తం సిస్టమే ఆఫ్ అయి మళ్లీ ఆన్ అయితే ముందు పవర్ సంగతి చూడాలి. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే డ్రైవర్, ర్యామ్, గేమ్ ఫైళ్లు, ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే పెంచి నడపడం), వీటిలో ఏదైనా కావచ్చు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ఆగిన టైమ్‌కి ఏం రాసి ఉందో చూడండి. డిస్‌ప్లే 4101 అని ఉంటే డ్రైవర్ జవాబివ్వకపోతే విండోస్ దాన్ని మళ్లీ లేపిందని అర్థం (మామూలుగా జవాబు కోసం విండోస్ 2 సెకన్లే చూస్తుంది). కెర్నల్ పవర్ 41 చూసి మాత్రం కంగారు పడకండి, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెప్పడమే దాని పని, కారణం ఏంటో అది చెప్పదు.

ఇప్పుడు వేడి. టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఫ్రీగా దొరుకుతుంది, దాన్ని ఆన్ చేసి లాగింగ్ (అంకెల్ని ఫైల్లో రాసుకుంటూ పోవడం) పెట్టి, క్రాష్ అయ్యేదాకా గేమ్ ఆడండి. తర్వాత ఆ ఫైలు తెరిచి చివరి వరసలు చూస్తే ఆగే ముందు ఏ టెంపరేచర్ ఎంత ఉందో తెలిసిపోతుంది. కార్డు 83 డిగ్రీల దాకా వెళ్లిందంటే భయపడక్కర్లేదు, చాలా ఎన్‌విడియా కార్డులు ఆ దరిదాపుల్లోనే తమను తాము అదుపు చేసుకుంటాయి. ఏఎండీ కార్డుల్లో హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) 110 దాకా అనుమతిస్తారు. అయితే మామూలు టెంపరేచర్‌కీ హాట్‌స్పాట్‌కీ మధ్య 30 డిగ్రీల తేడా కనిపిస్తే లోపల చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు. ఇంకో మాట, వేడెక్కిన కార్డు ముందు స్పీడ్ తగ్గించుకుంటుంది, ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద మారే బొమ్మల సంఖ్య) పడిపోతుంది, ఆ తర్వాతే ఆగుతుంది. ఏ మందగింపూ లేకుండా టక్కున ఆగిపోతే వేడి కాకుండా ఇంకేదో ఉందేమో చూడాలి.

మన హైదరాబాద్ ఎండల్ని కూడా లెక్కలో వేసుకోండి. మే నెలలో మధ్యాహ్నం గదిలోనే 36 డిగ్రీలుంటే, జనవరిలో 70 దగ్గర ఉండే కార్డు 80 దాటడం మామూలే. పొద్దున్నే ఐదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి అదే గేమ్ ఆడి చూడండి. మధ్యాహ్నమే ఆగుతుంటే అది వేడి పనే అనుకోవచ్చు. కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అరలో, వెనక గోడకి ఆనించి క్యాబినెట్ పెట్టే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది, దాన్ని బయటికి తీయండి. పక్క డోర్ తీసేసి ఆడితే టెంపరేచర్ బాగా పడిపోయిందా, అయితే గాలి ఆడటం లేదన్నమాట.

దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్ తీసి, బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోయర్ కొట్టండి. ఫ్యాన్ రెక్కని మాత్రం వేలితో గట్టిగా పట్టుకోవాలి, గాలికి అది విపరీతమైన స్పీడ్‌తో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. రేకుల మధ్య మెత్తటి పెయింట్ బ్రష్ చాలు, తడిబట్ట వద్దు. వారంటీ ఉన్న కార్డుని విప్పి పేస్ట్ మార్చడం నేనైతే చేయను.

పవర్ గురించి చాలామంది అసలు ఆలోచించరు. ఇంట్లో ఉండే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లే ఇస్తుంది. పెద్ద గేమ్ నడుస్తున్నప్పుడు సిస్టమ్ అంతకంటే ఎక్కువ లాగితే యూపీఎస్ కట్ చేసేస్తుంది. ఒకరోజు యూపీఎస్ లేకుండా నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆడి చూడండి. కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లుంటే ఒకే తీగకి ఉన్న రెండు కొసలు కాకుండా ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల కరెంటు పంచే డబ్బా) నుంచి రెండు వేర్వేరు తీగలు వేయండి. ఒక్కో 8 పిన్ కనెక్టర్‌కి 150 వాట్లు అన్నది లెక్క.

నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఇంకోటి ఉంది. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ని 75 శాతానికి తగ్గించి, గేమ్‌ని 60 ఎఫ్‌పీఎస్‌కి కట్టేసి ఆడండి. క్రాష్‌లు ఆగిపోతే వేడో పవరో, రెండిట్లో ఒకటి. అయినా ఆగుతుంటే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్ తీసేసే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తది వేయండి.

ఇంటెల్ 13, 14 తరం ఐ7, ఐ9 ప్రాసెసర్లు వాడుతున్నవాళ్లు ఒక్క నిమిషం. గేమ్ మొదట్లో షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్నప్పుడు "వీడియో మెమరీ సరిపోలేదు" అని వస్తే కార్డుని తిట్టుకోవద్దు, తప్పు ప్రాసెసర్‌ది కావచ్చు. 2024లో ఇంటెలే ఒప్పుకుంది, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) అప్‌డేట్లు ఇచ్చి వారంటీని ఇంకో రెండేళ్లు పెంచింది. ఆ అప్‌డేట్లు వచ్చేది మదర్‌బోర్డు బయోస్‌లోనే, దాన్ని వెంటనే అప్‌డేట్ చేయండి, కానీ అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్ దాంతో బాగుపడదు, వారంటీలో మార్చుకోవాల్సిందే.

ఆన్ చేయగానే, విండోస్ రాకముందే తెర మీద రంగురంగుల గళ్లు, గీతలు కనిపిస్తే మాత్రం, కేబుల్, మానిటర్ మార్చి చూసినా అలాగే ఉంటే, కార్డు నిజంగానే పోయే దారిలో ఉంది. అప్పుడు కూడా ఒక ఫ్రెండ్ సిస్టమ్‌లో పెట్టి చూశాకే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీకి బయల్దేరండి. లాగ్ ఫైలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్లి, మీ కళ్లముందే అరగంట గేమ్ నడిపి చూపించమని అడగండి.